చెస్టూ బ్యాకూ లెగ్సూ ఒకేరోజు కొట్టొచ్చా?

"అన్నా, చెస్టూ బ్యాకూ ఒకేరోజు కొడితే ఏమవుద్ది?"

నెల్లూరు మాగుంట లేఅవుట్ జిమ్‌లో అడిగినా, ఒంగోలు కర్నూలు రోడ్డు జిమ్‌లో అడిగినా జవాబు దాదాపు ఒకటే. "రెండూ పెద్ద మజిల్సబ్బా. కలిపితే రెండూ చెడతాయి." ఆ మాట అంటూనే జిమ్ మాస్టర్ గోడమీద అతికించిన టైంటేబుల్ చూపిస్తాడు. సోమవారం చెస్ట్, మంగళవారం బ్యాక్, బుధవారం షోల్డర్స్, గురువారం చేతులు, శుక్రవారం లెగ్స్, శనివారం పొట్ట, కార్డియో. పెద్ద కండరంతో చిన్న కండరాన్ని కలపొచ్చు, పెద్దదాంతో పెద్దదాన్ని కలపకూడదు. ఇదీ నియమం.

ఇందులో కొంత నిజం లేకపోలేదు. రెండు బరువైన పనులు ఒకే పూట పెట్టుకుంటే రెండోది కాస్త దెబ్బతింటుంది. అయితే దెబ్బతినడానికి కారణం కండరం సైజు అనుకోవడం దగ్గరే చిక్కుంది. అసలు కారణం ఆ రెండు వ్యాయామాలూ పంచుకునేవి: నడుము, గుప్పిటి పట్టు, ఊపిరి, చేతిలో ఉన్న సమయం. వీటి లెక్క తెలిస్తే ఏది దేనితో కలుస్తుందో, ఏది కలవదో ఎవరినీ అడక్కుండానే తేల్చుకోవచ్చు.

ముందు ఈ టైంటేబుల్ సంగతి. రోజుకో భాగం అనే పద్ధతి మొదట్నుంచీ ఉన్నదేం కాదు. మన తాలింఖానాల్లో సాము నేర్చినవాళ్ళు దండీలూ బస్కీలూ ఒకే పూట తీసేవాళ్ళు. దండీల్లో ఛాతీ, భుజాలు, చేతులు. బస్కీల్లో తొడలు, పిర్రలు. దండీలు సోమవారం, బస్కీలు శుక్రవారం అని ఎవరూ పంచుకోలేదు. అమెరికాలో 1947లో మిస్టర్ అమెరికా అయిన స్టీవ్ రీవ్స్ కూడా వారానికి మూడు రోజులు, ప్రతిసారీ ఒళ్ళంతా కలిపి చేసినవాడే. శరీరాన్ని ముక్కలుగా పంచుకునే పద్ధతి ఆ తర్వాతి దశాబ్దాల్లో బాడీబిల్డింగ్ పోటీలతోపాటు పెరిగింది. పోటీలకు వెళ్ళేవాళ్ళు రోజుకి గంటలకొద్దీ జిమ్‌లో ఉంటారు, ఒక్కో కండరానికి లెక్కలేనన్ని సెట్లు (ఆగకుండా వరసగా చేసే విడతలు) చేస్తారు, చాలాసార్లు స్టెరాయిడ్ల తోడూ ఉంటుంది. వాళ్ళ అవసరానికి పుట్టిన పద్ధతి పత్రికల్లోకి, అక్కణ్నుంచి మన గోడలమీదికి వచ్చింది. తమాషా ఏంటంటే, ఆ టైంటేబుల్ పక్కనే ఆర్నాల్డ్ ష్వార్జ్‌నెగర్ పోస్టర్ కూడా ఉంటుంది. ఆయన చెస్టూ బ్యాకూ ఒకేరోజు కలిపి కొట్టినవాడు.

ఇంకా గట్టి సాక్ష్యం కావాలంటే పోటీల్లోకి చూడాలి. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో వెయిట్‌లిఫ్టింగ్ 69 కిలోల విభాగంలో కరణం మల్లీశ్వరి స్నాచ్‌లో (బరువును ఒకే ఊపులో తలపైకి ఎత్తడం) 110, క్లీన్ అండ్ జెర్క్‌లో (ముందు భుజాలదాకా, ఆ తర్వాత తలపైకి) 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. ఆ రెండు లిఫ్టుల్లోనూ కాళ్ళు, వీపు, భుజాలు అన్నీ పనిచేస్తాయి, రెండూ అదే రోజు. పవర్‌లిఫ్టింగ్‌లో స్క్వాట్ (బరువు వీపుమీద పెట్టుకుని కూర్చుని లేవడం), బెంచ్ ప్రెస్ (బెంచిమీద పడుకుని బరువును పైకి తోయడం), డెడ్‌లిఫ్ట్ (నేలమీది బరువును పట్టుకుని నిటారుగా లేవడం) మూడూ ఒకే రోజు, ఒక్కోదానికి మూడు ప్రయత్నాలు. వరస చూడండి: ముందు స్క్వాట్, మధ్యలో బెంచ్, చివర డెడ్‌లిఫ్ట్. నడుముకి బాగా పనిపెట్టే రెండింటి మధ్య, బెంచిమీద పడుకుని చేసే లిఫ్ట్ ఒకటుంది. ఎవరు ఏ ఉద్దేశంతో ఆ వరస పెట్టినా, నడుముకి కాస్త ఊపిరి పీల్చుకునే వ్యవధి మాత్రం దొరుకుతుంది.

పెద్ద కండరం అంటే ఏది?

జిమ్ భాషలో చెస్ట్, బ్యాక్, లెగ్స్ పెద్దవి. షోల్డర్స్, బైసెప్స్, ట్రైసెప్స్ చిన్నవి. కొలిచి చూస్తే ఈ పంపకం నిలబడదు. ఎమ్మారై స్కానింగ్‌తో చేతి, భుజం కండరాల పరిమాణం కొలిచినప్పుడు భుజంమీది డెల్టాయిడ్, చేతి వెనక ట్రైసెప్స్, ఈ రెండూ విడివిడిగానే ఛాతీ కండరం కంటే పెద్దవని తేలింది. వీపుకి రెక్కల్లా కనిపించే లాట్స్ వెడల్పుగా ఉంటాయి కానీ పలచన. అద్దంలో పెద్దగా కనిపించేది వేరు, నిజంగా ఎక్కువ మాంసం ఉన్నది వేరు. ఒంట్లో అన్నిటికంటే పెద్ద కండరం పిర్రది. తొడ ముందు భాగంలో ఉన్న నాలుగు కండరాలను కలిపి చూస్తే వాటి ముందు ఛాతీ ఏ మూలకూ రాదు. చెస్ట్ అనే పెద్దదానితో ట్రైసెప్స్ అనే చిన్నదాన్ని కలిపానని మనం అనుకుంటున్న రోజున, నిజానికి చిన్నదానితో పెద్దదాన్ని కలుపుతున్నాం.

కాబట్టి ఎవరైనా "పెద్ద మజిల్" అన్నప్పుడు నేను "పెద్ద వ్యాయామం" అని వింటాను. ఎక్కువ కీళ్ళు కదిలేది, ఎక్కువ బరువు పట్టేది, సెట్ అయ్యాక కాసేపు మాట్లాడలేకుండా చేసేది. స్క్వాట్, డెడ్‌లిఫ్ట్ ఆ కోవలో మొదటివి. బెంచ్ ప్రెస్, పుల్‌అప్ (కడ్డీకి వేలాడి ఒంటిని పైకి లాక్కోవడం), రో (బరువును ఒంటివైపు లాక్కోవడం) ఆ తర్వాత. మెషిన్‌మీద కూర్చుని మోకాళ్ళు చాపుతూ తొడల్ని ఎంత మండించినా లెగ్ ఎక్స్‌టెన్షన్ పెద్ద వ్యాయామం కాదు. "లెగ్సూ బ్యాకూ కలపొచ్చా" అనే ప్రశ్నకి సూటి జవాబు దొరకనిది ఇందుకే. లెగ్ ప్రెస్ (మెషిన్‌మీద కాళ్ళతో బరువు తోయడం), లాట్ పుల్‌డౌన్ (పైనున్న కడ్డీని కిందికి లాగడం) కలిపితే ఏ ఇబ్బందీ లేదు. స్క్వాట్, డెడ్‌లిఫ్ట్, వంగి చేసే రాడ్ రో మూడూ వరసగా పెడితే ఇబ్బందే. కాగితంమీద రెండూ "లెగ్స్ ప్లస్ బ్యాక్" అనే ఉంటాయి.

నడుము లెక్క

స్క్వాట్‌లో బరువు వీపుమీద ఉంటుంది. ఎత్తేది తొడలూ పిర్రలే అయినా, వెన్నెముకకి ఇరుపక్కలా నిలువునా ఉన్న కండరాలు బిగిసి నిలబెట్టకపోతే మనిషి ముందుకి పడిపోతాడు. డెడ్‌లిఫ్ట్‌లో వాటిదే ముఖ్యమైన పని. వంగి రో చేసేటప్పుడు లాగేది వీపు రెక్కలు, కానీ అంతసేపూ ఒంటిని ఆ వంపులో ఆపి ఉంచేది మళ్ళీ అవే. చేలు వేరైనా నీళ్ళు తోడే మోటారు ఒకటే. రెండు మడులూ ఒకేసారి తడపాలంటే ఎక్కడో ఒకచోట ధార సన్నబడాల్సిందే. అలా సన్నబడ్డ ధారతోనే రెండో వ్యాయామం చేస్తే వీపు గుండ్రంగా వంగిపోతుంది, బరువు అనుకున్న చోట కాక వేరే చోట పడుతుంది. నడుం పట్టేసిందని మూడు రోజులు మంచం దిగనివాళ్ళలో చాలామంది కథ ఇదే.

ఇంతకీ దీనికి మందు లెగ్స్‌నీ బ్యాక్‌నీ వేరే రోజుల్లో పెట్టడమా? గోడమీది టైంటేబుల్‌లు కొన్నింటిలో మంగళవారం బ్యాక్, బుధవారం లెగ్స్ అని ఉంటుంది. మంగళవారం డెడ్‌లిఫ్ట్ చేసి అలిసిన నడుముతో మర్నాడే స్క్వాట్ చెయ్యాలి. చెస్ట్ తర్వాతి రోజే షోల్డర్స్ ఉన్న చోట కూడా ఇదే గొడవ. బెంచ్ ప్రెస్‌లో భుజం ముందు భాగం, ట్రైసెప్స్ ఎలాగూ అలిసిపోతాయి. మరుసటిరోజు షోల్డర్ ప్రెస్‌లో మళ్ళీ అవే, ఆ తర్వాతి రోజు చేతుల వంతులో ట్రైసెప్స్ మూడోసారి. కాగితంమీద మూడు వేర్వేరు భాగాలు, ఒంట్లో మాత్రం అదే కండరానికి మూడు రోజులు వరసగా డ్యూటీ. పంచినట్టు కనిపించే పద్ధతి నిజానికి పంచలేదు. పెద్ద వ్యాయామాలన్నీ ఒకే రోజు చేసి మర్నాడు పూర్తిగా మానేస్తే నడుముకైనా భుజానికైనా దాదాపు 48 గంటలు దొరుకుతాయి. బాగా బరువులెత్తిన తర్వాత కండరం తనను తాను కట్టుకునే పని ఒకట్రెండు రోజులపాటు ఎక్కువగా సాగుతుంది కనుక ఆ విరామం సరిగ్గా సరిపోతుంది.

అయితే ఒకే రోజులో నడుమును మూడుసార్లు వాడకుండా వ్యాయామాలు ఎంచుకోవాలి. స్క్వాట్ చేసిన రోజున రోని బెంచిమీద బోర్లా పడుకుని డంబెల్స్‌తో చేయండి, లేదా లాట్ పుల్‌డౌన్ చేయండి. రెక్కలకి అందాల్సిన పని అందుతుంది, నడుము పక్కన కూర్చుంటుంది. డెడ్‌లిఫ్ట్ రకాలు పెట్టుకున్న రోజున కాళ్ళకి లెగ్ ప్రెస్ చాలు.

గుప్పిటి పట్టు సంగతి తక్కువే. డెడ్‌లిఫ్ట్, పుల్‌అప్, రో వరసగా పెడితే వీపు అలిసేలోపే వేళ్ళు జారిపోతాయి. మధ్యలో ఒక ప్రెస్ పెడితే సరి, లేదా చివరి సెట్లకి స్ట్రాప్స్ (మణికట్టుని కడ్డీకి చుట్టే పట్టీలు) కట్టుకోవచ్చు. స్ట్రాప్స్ వాడటం మగతనానికి మచ్చ అనుకునేవాళ్ళతో వాదించే ఓపిక నాకు లేదు.

మరి చెస్ట్, బ్యాక్ కలిస్తే?

మాస్టర్లు ఎక్కువగా వద్దనే జంట ఇదే, తేలిగ్గా కలిసే జంటా ఇదే. ఒకటి తోసేది, ఒకటి లాగేది. బెంచ్ ప్రెస్ చేస్తున్నంతసేపూ రెక్కలకి పెద్ద పని ఉండదు, పుల్‌డౌన్ లాగుతున్నప్పుడు ఛాతీ దాదాపు ఖాళీ. ఒకటి పనిచేస్తుంటే ఇంకోటి తేరుకుంటుంది. అందుకే తోసే సెట్ ఒకటి, లాగే సెట్ ఒకటి మార్చి మార్చి చేస్తే, రెండింటినీ విడిగా చేసినప్పుడు ఎన్ని రెప్స్ (ఒక్కో సెట్‌లో చేసే సార్లు) వస్తాయో దాదాపు అన్నీ తక్కువ సమయంలో వస్తాయని పరిశోధనల్లోనూ కనిపించింది.

సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా మన జిమ్‌లలో ఇది సాగుతుందా అంటే, పుల్‌డౌన్ మెషిన్, బెంచి రెండూ ఒక్కరే పట్టుకుని కూర్చుంటే గొడవలైపోతాయి. కావలి, కందుకూరు లాంటి చోట్ల మేడమీద రేకుల కింద నడిచే చిన్న జిమ్‌లలో బెంచీలే ఒకటో రెండో. ఒక జత డంబెల్స్, ఒక బెంచి తీసుకుని ఓ మూలకి వెళ్ళండి. పడుకుని ప్రెస్ చేసి, రెండు నిమిషాలాగి, అదే బెంచిమీద ఒక చెయ్యీ మోకాలూ ఆనించి రో లాగండి. ఎవరి దారికీ అడ్డం రారు.

విశ్రాంతి దగ్గర మాత్రం లోభించొద్దు. సెట్‌కీ సెట్‌కీ మధ్య ఒక నిమిషం చాలా, మూడు నిమిషాలు కావాలా అని 2016లో అమెరికా వ్యాయామ పరిశోధకుడు బ్రాడ్ షోన్‌ఫెల్డ్ బృందం అనుభవం ఉన్న కుర్రాళ్ళమీద ఎనిమిది వారాలు పరీక్షించి చూసింది. మూడు నిమిషాలు ఆగినవాళ్ళకే బలమూ కండా ఎక్కువ పెరిగాయి. ఆ కుర్రాళ్ళు చేసింది వారానికి మూడుసార్లు, ప్రతిసారీ ఒళ్ళంతా కలిపి. "ఆగితే పంప్ పోద్ది", అంటే కండలో ఉబ్బు తగ్గిపోద్ది అనే మాట జిమ్‌లో ఎంత వినిపించినా, స్క్వాట్ లాంటి వాటికి ఆయాసం తగ్గేదాకా ఆగాల్సిందే. లేకపోతే తర్వాతి సెట్ తొడలు ఓడిపోయి కాదు, ఊపిరి ఓడిపోయి ఆగుతుంది.

వారం లెక్క

ఒక కండరానికి వారానికి కనీసం పది సెట్లు పడితే అంతకంటే తక్కువ చేసినవాళ్ళ కంటే పెరుగుదల బాగుంటుందన్నది పరిశోధనలు కలిపి చూస్తే వచ్చిన లెక్క. ఆ పదీ ఒకే రోజు వేసినా, మూడు రోజులకి పంచినా ఫలితంలో తేడా స్వల్పమేనని కూడా అలాంటి అధ్యయనాలే చెబుతున్నాయి. అంటే గోడమీది టైంటేబుల్‌తో కండ పెరగదని కాదు. పెరిగినవాళ్ళు మన కళ్ళముందే ఉన్నారు. నా అభ్యంతరం వేరే: అది ఆరు రోజులూ తప్పకుండా వచ్చేవాడికి పనికొచ్చే పద్ధతి.

మన దగ్గర ఆరు రోజులూ ఎవరొస్తున్నారు? రొయ్యల చెరువు పట్టుబడికొచ్చిందంటే ఆ వారం రాత్రీ పగలూ గట్టుమీదే. చీమకుర్తి క్వారీలో షిఫ్ట్ మారితే సాయంత్రాలు పోతాయి. మాఘమాసంలో, శ్రావణంలో పెళ్ళిళ్ళు ఎలాగూ ఉన్నాయి. రోజుకో భాగం పద్ధతిలో ఒక రోజు పోతే ఒక భాగం మొత్తం పోయినట్టే, మళ్ళీ దాని వంతు వచ్చేది వచ్చే వారం. పోయేది ఎక్కువగా శుక్రవారం, అంటే కాళ్ళు. "లుంగీ కట్టుకుంటే కాళ్ళెవడు చూస్తాడన్నా" అనే మాట నేను చాలామంది నోట విన్నాను, నవ్వాను కూడా. ఒళ్ళంతా కలిపే పద్ధతిలో ఒక రోజు పోయినా ప్రతి భాగానికీ దాదాపు మూడింట రెండు వంతులు అందుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో పెద్దవాళ్ళకి చెప్పింది కూడా వారానికి రెండు రోజులో అంతకంటే ఎక్కువో, ముఖ్యమైన కండరాలన్నిటికీ పని చెప్పమనే.

సోమవారం స్క్వాట్ నాలుగు సెట్లు, బెంచ్ ప్రెస్ నాలుగు, లాట్ పుల్‌డౌన్ నాలుగు. బుధవారం రొమేనియన్ డెడ్‌లిఫ్ట్ (మోకాళ్ళు కొద్దిగానే వంచి చేసే రకం) మూడు, వాలు బెంచిమీద డంబెల్ ప్రెస్ మూడు, బోర్లా పడుకుని రో మూడు. శుక్రవారం లెగ్ ప్రెస్ మూడు, మామూలు డంబెల్ ప్రెస్ మూడు, పుల్‌అప్స్ మూడు. కలిపితే కాళ్ళకి, ఛాతీకి, వీపుకి తలా పది. సోమవారం పన్నెండు సెట్లకి, మధ్యలో రెండుమూడు నిమిషాల విశ్రాంతితో, ముప్పావుగంట పడుతుంది. మిగతా రెండు రోజులు ఇంకా తక్కువే. వార్మప్ అదనం. చేతులకి, భుజాలకి విడిగా ఏమైనా కావాలనుకుంటే చివర రెండేసి సెట్లు. ప్రెస్‌లూ రోలూ చేసేటప్పుడు వాటికి సగం పని అయిపోయే ఉంటుంది.

వరస గురించి ఒక మాట. ముందు చేసినదే బాగా సాగుతుంది, వెనక చేసినదాని రెప్స్ తగ్గుతాయి. చిన్నదా పెద్దదా అన్నదానితో పని లేదు. కనుక ఎవరికి ఏది వెనకబడి ఉందో అది ముందు పెట్టుకోవాలి. బెంచ్ పెంచుకోవాలనుకునేవాడు బుధవారం ప్రెస్‌తోనే మొదలుపెట్టొచ్చు. స్క్వాట్, డెడ్‌లిఫ్ట్ లాంటివి మాత్రం మరీ చివరికి నెట్టకండి. అలిసిన ఒంటితో అవి తప్పుగా చేస్తే దెబ్బ తగిలేది నడుముకే.

ఎవరు తగ్గించుకోవాలి

బరువులు బాగా ముదిరినవాళ్ళకి, అంటే తన బరువుకి రెట్టింపు స్క్వాట్ చేసేవాళ్ళకి, పైన చెప్పిన పద్ధతి కష్టమవుతుంది. అలాంటి ఒక్క సెట్టే ఒంటిని పిండేస్తుంది. వాళ్ళు పైభాగం ఒకరోజు, కిందిభాగం ఒకరోజు అని వారానికి నాలుగు రోజులు చేసుకోవడం మేలు. అప్పుడు కూడా చెస్టూ బ్యాకూ కలిసే ఉంటాయని గమనించండి.

బీపీ ఉన్నవాళ్ళ సంగతి వేరు. 1985లో కెనడా పరిశోధకులు బాడీబిల్డర్లు లెగ్ ప్రెస్ చేస్తుండగా ధమనిలోపలే బీపీ కొలిస్తే సగటున 320/250 దాకా వెళ్ళింది. ఊపిరి బిగబట్టి, చివరి రెప్ దాకా తోయడంవల్ల వచ్చిన అంకెలవి. ఆరోగ్యంగా ఉన్న గుండె దాన్ని క్షణాలపాటు తట్టుకుంటుంది. మందులు వాడుతున్నవాళ్ళు మాత్రం డాక్టర్‌ని అడిగి, బరువు తగ్గించి, తోసేటప్పుడు ఊపిరి వదులుతూ, ఇంకో రెండుమూడు రెప్స్ చేయగలిగేటప్పుడే ఆపాలి.

రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. ఆ రోజుల్లో రేకుల కింద ఫ్యాన్ గాలికి స్క్వాటూ డెడ్‌లిఫ్టూ కలపడం ధైర్యం అనిపించుకోదు. సముద్రం పక్కన గాలిలో తేమ ఎక్కువ, చెమట పడుతుంది కానీ ఆరదు, ఒళ్ళు చల్లబడదు. ఉదయం ఆరులోపు ముగించండి, లేదా సెట్లు సగానికి కోయండి. అలవాటు లేని ఒంటికి మొదటి రోజే భారీగా కాళ్ళు కొట్టిస్తే కండరం చితికి, అందులోని పదార్థాలు రక్తంలో కలిసి కిడ్నీలమీద పడే ప్రమాదం కూడా ఉంది. రాబ్డోమయోలైసిస్ అంటారు, ఎండలో ఇంకా తేలిగ్గా వస్తుంది. వ్యాయామం చేసిన ఒకట్రెండు రోజుల్లో మూత్రం కోలా రంగులో వస్తే మజ్జిగ తాగి పడుకోవడం కాదు, వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. కొత్తగా చేరినవాళ్ళు మొదటి రెండుమూడు వారాలు ఉత్త రాడ్డుతో, ఒక్కో వ్యాయామానికి రెండేసి సెట్లతో ఆగిపోవడం ఇందుకే.

తిండి దగ్గర ఎక్కువ చెప్పను. మామూలు మనిషికి కిలో బరువుకి 0.83 గ్రాముల ప్రొటీన్ అని మన జాతీయ పోషకాహార సంస్థ లెక్క. బరువులెత్తేవాడికి 1.6 దాకా ఉపయోగం కనిపిస్తుంది. డెబ్భై కిలోల మనిషికి దాదాపు 110 గ్రాములు. చేపలూ రొయ్యలూ పండే నేలమీద ఉండి డబ్బా పొడి కోసం అప్పుచేయక్కర్లేదు. పులుసులో ముక్కలు పెంచి అన్నం కాస్త తగ్గిస్తే చాలావరకు సర్దుకుంటుంది, గుడ్లూ పప్పూ మిగతాది చూసుకుంటాయి.

కలపడం ఎక్కువైందా లేదా అన్నది నొప్పిని బట్టి తేల్చకండి. కొత్త వ్యాయామం ఏదైనా రెండు రోజులు నొప్పెడుతుంది, అలవాటైనది నొప్పెట్టకుండానే పనిచేస్తుంది. ఒక నోట్‌బుక్ పెట్టుకుని ఏ రోజు ఏ బరువు, ఎన్ని రెప్స్ అని రాసుకోండి. నిద్రా తిండీ సరిగ్గానే ఉండి, ఒకే వ్యాయామం రెండు వారాలు వరసగా కిందికి దిగుతుంటే, దాని ముందు చేస్తున్నదాన్ని చూడండి. రో పడిపోతుంటే చాలాసార్లు తప్పు రోది కాదు, దాని ముందు పెట్టిన డెడ్‌లిఫ్ట్‌ది. అందులోంచి ఒక సెట్ తీసేసి మరో రెండు వారాలు రాయండి. అంకెలు తిరిగి ఎక్కితే అదే మీ కొలత, ఎక్కకపోతే ఇంకో సెట్ తీయండి.